సుజాతమ్మ చేతిలో ఉండిపోయిన మాత్ర

"ఆ మాత్ర నోట్లో ఏసుంటే మా నాన్న బతికుండేవాడా, లేదా? అదొకటి చెప్పు, చాలు."

సహన ఈ మాట అడిగింది సుజాతమ్మ ఇంటి గుమ్మంలో నిలబడే. తండ్రి పోయి అప్పటికి పద్నాలుగు రోజులు. ముందురోజే కర్మలన్నీ పూర్తయ్యాయి. లోపలికి రమ్మంటే రాలేదు, కుర్చీ వేస్తే కూర్చోలేదు. సుజాతమ్మ ఒళ్ళో చేటా, చేటలో తుంచుతున్న బీన్సు కాయలూ ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి. చనిపోయినవాళ్ళ గురించి చాలామంది చాలా అడిగారు ఆమెను. అలాంటప్పుడు చెప్పడానికి ఆమె దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది: "రాసిపెట్టింది అంతేలేమ్మా." ఆ రోజు ఆ మాట ఆమె నోటికి రాలేదు. ఆమె గురించి మెచ్చుకుని చెప్పుకోదగ్గ సంగతుల్లో అది ఒకటి.

సుజాతమ్మది కర్ణాటకలో, చింతామణి తాలూకాలో ఒక పల్లె. తండ్రి మునిశామప్ప టమోటా, పట్టుపురుగులు రెండూ నమ్ముకున్నవాడు. రెండూ ఒకే ఏడాది బాగా పండిన జ్ఞాపకం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కూతురు ఎస్సెస్సెల్సీ ప్యాసయితే నర్సు ట్రైనింగుకు పంపాడు. సేవాభావం ఏమీ కాదు, ట్రైనింగులో ఉన్నన్నాళ్ళూ స్టైఫండు వస్తుందని. మొదటి ఉద్యోగం మండికల్లు ఆరోగ్య కేంద్రంలో. అక్కడ ఆమె వైద్యం కన్నా ముందు ఇంకోటి నేర్చుకుంది. మాత్ర ఇస్తే జనం దాన్ని వైద్యం కింద జమకట్టరు.

డెయిరీకి పాలు పోసే ఆంజనేయప్ప అని ఒకాయన ఉండేవాడు. ఒళ్ళు నొప్పులని వచ్చి, మాత్రలు చేతిలో పెడితే వాటిని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీదే పెట్టేవాడు.

"ఇవయితే అంగట్లో నేనే తెచ్చుకుంటా కదమ్మా. దీనికోసరం మూడు మైళ్ళు నడిచొస్తానా? సూదెయ్."

"నీకు సూది అక్కర్లేదప్పా."

"అక్కర ఉండేది నీకా, నాకా? నొప్పి నాది కదా."

సుజాతమ్మ విటమిను సూది ఒకటి వేసి పంపేది. అతను పిర్ర రుద్దుకుంటూ, సంతోషంగా వెళ్ళేవాడు. ఇలా పదేళ్ళు మండికల్లులో, మిగతా సర్వీసంతా బాగేపల్లిలో. రిటైరయ్యేనాటికి ఆమె చెయ్యి తేలికని, నొప్పే తెలియదని చుట్టుపక్కల పేరు. భర్త రవీంద్ర బస్సు కండక్టరు, అంతకు చాలా ఏళ్ళ ముందే పోయాడు. పిల్లలు లేరు. పెన్షను వస్తుంది, బాగేపల్లిలోనే సొంత ఇల్లు. పొద్దున్నా సాయంత్రమూ నలుగురైదుగురు వచ్చేవాళ్ళు సూది వేయించుకోవడానికి. బోర్డు లేదు, అనుమతీ లేదు. చట్టం ప్రకారం ఇది తప్పు. ఆ తప్పు లేకపోతే సగం తాలూకాకు జ్వరం తగ్గదు. రెండూ నిజాలే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయడం కుదరదు.

రిటైరవడానికి మూడేళ్ళ ముందు చిక్కబళ్ళాపురంలో నర్సులందరికీ ఒకరోజు ట్రైనింగు పెట్టారు. విషయం గుండెపోటు. ఒక కుర్ర డాక్టరు బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, మందు లోపలికి వెళ్ళే దారులు నాలుగింటికి నాలుగు బాణాలు వేశాడు. నోరు, నాలుక కింద, కండ, నరం. గుండెకు రక్తం తీసుకెళ్ళే గొట్టంలో గడ్డ అడ్డం పడితే వచ్చేదే గుండెపోటు. ఆ గడ్డ ఇంకా పెరగకుండా ఆపేది ఆస్ప్రిన్ మాత్ర. దాన్ని మింగితే పనిచేయడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది, నమిలితే అందులో సగం. నాలుక కింద పెట్టే మాత్ర గొట్టాల్ని సడలించి నొప్పి తగ్గిస్తుంది, గడ్డ జోలికి మాత్రం పోదు. గడ్డను కరిగించే మందు నరంలోకే ఎక్కించాలి, అదీ ఆసుపత్రిలోనే. ఇంక కండ. గుండె సరిగా కొట్టనప్పుడు కండకు రక్తం సరిగా అందదు, అక్కడ వేసిన మందు అక్కడే కూర్చుంటుంది. పైగా తర్వాత నరంలోకి కరిగించే మందు ఎక్కిస్తే, కండలో సూది గుచ్చిన చోటు లోపల్లోపలే రక్తం కారవచ్చు. కాబట్టి గుండె అని అనుమానం వస్తే పిర్ర మీద సూది వేయకండి అన్నాడు.

సుజాతమ్మ ఇది నోటుపుస్తకంలో రాసుకుంది. చివరి వాక్యం కింద రెండు గీతలు కూడా గీసింది. తెలియక చేసిన తప్పు కాదు కనుకే ఈ సంగతి చెప్పాల్సి వస్తోంది.

ఆమె ఇంటికి ఎదురు వరసలో నాలుగో ఇల్లు అనంతపద్మనాభది. హైస్కూల్లో సంస్కృతం మేష్టరుగా చేసి రిటైరైన మనిషి, డెబ్భై ఒకటి. సుగరు ఉంది. భార్య వరమహాలక్ష్మి నాలుగేళ్ళ కిందట పోయింది. కూతురు సహన తాలూకా ఆఫీసులో గుమాస్తా, తండ్రితోనే ఉంటుంది. మఠం, పూజ, ఏకాదశి వేటినీ ఆయన తప్పడు. ఈ ముప్ఫై ఏళ్ళలో సుజాతమ్మ ఇంటి నుంచి చుక్క మంచినీళ్ళు ఆయన నోట్లోకి పోలేదు. ఆమె కూడా ఎన్నడూ ఇవ్వబోలేదు. అయితే జ్వరం వచ్చిందంటే ముందు కబురు వచ్చేది ఆమెకే. వసారాలో మంచం మీద బోర్లా పడుకుని పంచె కాస్త కిందికి లాగి, సూది వేయించుకునేవాడు.

"పొడిచి పొడిచి పింఛను సంపాదించుకున్నావు సుజాతమ్మా," అనేవాడు. "గవర్మెంటు ఇంకెవురికీ దీనికి దుడ్డియ్యదు."

"పొడిపించుకునేవాళ్ళు మీరుంటే నాకేం తక్కువ సామీ," అనేది ఆమె.

ఆయన నోటికి మడి ఉంది, పిర్రకు లేదు. ఇందులో నవ్వాల్సింది ఏమైనా ఉందని ఆ సందులో ఎవరికీ తోచలేదు, సుజాతమ్మకు అసలే తోచలేదు. ఇరుగుపొరుగుతో గౌరవంగా మెలగడమంటే ఆమె లెక్కలో అదే.

ఆషాఢమాసం తొలి ఏకాదశి. ఆ రోజు మఠంలో కాల్చిన శంఖచక్రాల ముద్రలు భుజాల మీద వేయించుకోవడం వాళ్ళకు ఆచారం. అనంతపద్మనాభ తెల్లవారే వెళ్ళి, రెండు భుజాలా ముద్రలు వేయించుకుని వచ్చాడు. మర్నాడు ద్వాదశి పారణ దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. తొమ్మిదింపావుకు ఎడమ భుజం లాగుతోంది అన్నాడు. ముద్ర మంట అనుకున్నారు తండ్రీ కూతురూ. ఇంకో రోజైతే ఇద్దరిలో ఎవరో ఒకరు భయపడి ఉండేవాళ్ళు. కాసేపటికి చెమటలు పట్టాయి, లాగుడు ఛాతీలోకి దిగింది. సహన పరుగున వచ్చి సుజాతమ్మను పిలుచుకుపోయింది.

సుజాతమ్మ చూసింది. చెమట, బూడిదరంగు ముఖం, ఎడమ చెయ్యి, సుగరు. సంచీలోంచి ఆస్ప్రిన్ తీసి చించి, మాత్రను అరచేతిలో వేసుకుంది.

"సామీ, ఇది నమిలేయండి. నీళ్ళు కూడా వద్దు."

ఆయన మాత్రను చూశాడు. ఆమె చేతినీ చూశాడు.

"ఈ పొద్దు ఏందో తెలుసు కదా."

"తెలుసు సామీ. గుండె అనిపిస్తాండాది నాకు."

"ముద్ర మంట అది. పోయినేడు కూడా ఇట్లే ఉండె."

"పోనీ నాలిక కింద పెట్టేది ఒకటుండాది. మింగేది కూడా ఏం లేదు."

"నాలిక కింద మాత్రం నోరు కాదా, సుజాతమ్మా?" ఆయన నవ్వబోయాడు, నొప్పికి ఆగిపోయాడు. "సూది ఉండాది కదా నీ దగ్గర. అది ఎయ్యి. సూదికి ఏకాదశి లేదు."

సహన పక్కనే నిలబడి ఉంది, ఒకసారి తండ్రి ముఖం చూసింది, ఇంకోసారి మాత్ర కేసి చూసింది. ఏమీ అనలేదు.

సుజాతమ్మ చెయ్యి చాచే ఉంచింది. ఎంతసేపని అడిగితే తర్వాత ఆమె ఒకసారి అరనిమిషమనీ ఇంకోసారి అయిదు నిమిషాలనీ చెప్పింది. మంచానికీ ఆమె చేతికీ మధ్య రెండడుగుల దూరం ఉండొచ్చు. రోజుకు పదిమంది పిల్లల ముక్కులు మూసి మందు పోసిన చెయ్యి అది, మూతి బిగించిన ముసలివాళ్ళ దవడలు తెరిచిన చెయ్యి. ఆ రెండడుగులు దాటలేదు. మాత్రను మళ్ళీ కాగితంలో చుట్టి సంచీలో పెట్టి, నొప్పి తగ్గే మందు సిరంజిలోకి ఎక్కించింది. నోటుపుస్తకంలో తను గీసిన రెండు గీతలూ అప్పుడు గుర్తుకొచ్చాయని ఆమే ఒప్పుకుంటుంది. వచ్చినా, ఆయన బోర్లా తిరిగేశాడు, పంచె దించేశాడు, అలవాటైన పని ముందుకొచ్చింది. చేసేసింది.

సూది పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. అరగంటలో నొప్పి తగ్గింది, చెమట ఆరింది, ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"చూస్తివా? నీ చేతిలో ఏమో ఉండాది."

"అయినా ఆసుపత్రికి పోదాం సామీ. ఒక ఈసీజీ తీస్తారు, అంతే."

"రేపు పారణ అయినాక పోదాం. యాడికీ పారిపోదులే ఆసుపత్రి."

సహన ఆఫీసుకు సెలవు చెప్పి తండ్రి దగ్గరే కూర్చుంది. సుజాతమ్మ ఇంటికెళ్ళి అన్నం వండుకుంది. రెండుసార్లు వీధిలోకి వచ్చి వాళ్ళ వసారా వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుండెలో అడ్డం పడింది అడ్డం పడ్డట్టే ఉంది, నొప్పి ఒక్కటే కనిపించకుండా పోయింది. పదకొండున్నరకు ఈసారి సహన కేక వినిపించింది.

అదే సందులో జెరాక్సు అంగడి పెట్టుకున్న నాగేశ్‌కు కారుంది. నలుగురూ ఎక్కారు. బాగేపల్లి ప్రభుత్వాసుపత్రి ముందు నుంచే వెళ్ళారు. అక్కడ ఆపుదామని సుజాతమ్మ అంది. నాన్నకు సుగరు చూసే డాక్టరు చిక్కబళ్ళాపురం నర్సింగ్ హోములో ఉన్నాడు, అక్కడికే పోదామని సహన అంది. అప్పుడు ఎవరూ వాదించే స్థితిలో లేరు. హైవే ఎక్కితే నలభై నిమిషాలే కదా అన్నాడు నాగేశ్.

పేరేసంద్ర దాటుతుండగా అనంతపద్మనాభ తల తిప్పి సుజాతమ్మను చూశాడు.

"ఆ మాత్ర యాడ పెట్టినావు?"

"ఉండాది సామీ."

"ఇయ్యి."

ఆమె కాగితం విప్పింది. ఆయన చెయ్యి పైకి లేవలేదు. నోరు తెరిచాడు. ఆమె తన వేళ్ళతో మాత్రను ఆయన నాలుక మీద పెట్టింది.

"మందుకు దోషం లేదులే," అన్నాడు మెల్లగా. "శాస్త్రంలోనే ఉండాది. వ్రతం చెడదు."

రెండుసార్లు నమిలాడు. మూడోసారికి కడుపులోంచి తన్నుకొచ్చింది. ఖాళీ కడుపు, పసరుతో పాటు మాత్ర ముక్కలు ఆమె చీర మీద పడ్డాయి. రెండో మాత్ర పెట్టింది, అదీ నిలవలేదు. గుండె దెబ్బతిన్నకొద్దీ కడుపు తిప్పుతుంది, నర్సులకు తెలియనిదేం కాదు. తొమ్మిది నలభైకి ఆయన వద్దన్నాడు, పన్నెండుకు ఆయన ఒళ్ళు వద్దంది. మధ్యలో రెండు గంటల పైన ఆ నోట్లో మాత్ర నిలిచేదే.

నర్సింగ్ హోములో ఈసీజీ కాగితం బయటికి వస్తుండగానే డాక్టరుకు అర్థమైంది. కన్నడంలో గబగబా అడిగాడు. ఎప్పుడు మొదలైంది? ఆస్ప్రిన్ ఇచ్చారా? సూది ఏదైనా వేశారా? నడుం కింద ప్లాస్టరు ముక్క కనిపించి, ఇది ఎవరు వేశారు?

"నేనే," అంది సుజాతమ్మ.

ఆయన తిట్టలేదు. గోడ మీద గడియారం చూశాడు. గడ్డ కరిగించే మందు ఇస్తే సూది వేసిన చోట రక్తం కారే భయం, ఇవ్వకపోతే గుండె మిగలదు. బెంగళూరుకు పంపాలంటే దారిలో ఇంకో గంటన్నర. అటూ ఇటూ ఆలోచించి ఇవ్వడానికే నిర్ణయించాడు. ముందు వాంతి ఆగడానికి నరంలోకి మందు ఇచ్చి, ఆ తర్వాత ఆస్ప్రిన్ ఇచ్చి, ఒంటిగంటకు గడ్డ కరిగించే మందు ఎక్కించారు. మొదటి నొప్పి మొదలై మూడు ముప్పావు గంటలు.

సాయంత్రానికి తుంటి కమిలి నల్లబడింది. మర్నాటికి తొడ దాకా వాచింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ద్వాదశి పారణ ఆయనకు సెలైను సీసాతోనే అయింది. మూడోరోజు సాయంత్రం నాలుగింటికి పోయాడు. కాగితంలో గుండెపోటు అని రాశారు. తుంటి ప్రస్తావన అందులో లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదేమో. గుండె కండ చాలా భాగం చచ్చిపోయింది, రక్తం పోవడం దాని మీద ఇంకో దెబ్బ. ఏది ఎంత అని విడదీసి చెప్పలేనన్నాడు డాక్టరు. అంత నిజాయితీగా మాట్లాడేవాళ్ళు తక్కువ.

పద్నాలుగో రోజు గుమ్మంలో సహన అడిగింది ఆ విడదీసి చెప్పలేనిదాన్నే. సుజాతమ్మ చేట పక్కన పెట్టింది.

"అవునూ అని గానీ కాదూ అని గానీ చెప్పేదానికి ఎవరితోనూ కాదు సహనా. ఆ డాక్టరును నేను మళ్ళీ పోయి అడిగినా. ఆ మాత్ర వందమందికి ఇస్తే, ఇయ్యకుంటే పోయేవాళ్ళలో ఇద్దరో ముగ్గురో నిలబడతారంట. అంతే. మీ నాన్న ఆ ఇద్దరు ముగ్గురిలో ఉన్నాడేమో యాడ తెలుస్తాది?"

"అయితే మాత్ర సంగతి కాదంటావు."

"మాత్ర ఒకటే కాదంటాను. సూది ఏసి నొప్పి తగ్గించింది నేను. అది ఏయకుంటే నొప్పికి తాళలేక పదింటికే కారెక్కేవాడు. గంటన్నర పైన పోగొట్టింది నేను. తుంటిలో రక్తం పోయింది నా సూది నుంచే. వేయకూడదని రాసి పెట్టుకున్నా కూడా."

సహన ఆమె చేతుల కేసి చూసింది.

"మాత్ర చేతిలో పెట్టుకుని ఊరికే నిలబడితివి గదా. నోట్లో ఎందుకు పెట్టలేదు? చిన్నపిల్లోళ్ళకి పెట్టవా?"

"చెయ్యి రాలేదమ్మా. ముప్పయ్యేళ్ళుగా మీ ఇంట్లో నా చేతి నీళ్ళు కూడా..." సుజాతమ్మ మధ్యలో ఆపేసింది. "నేనే ఆగిపోయినా. ఆయన నన్ను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కూడా కాదు. మహా అంటే మొగం తిప్పుకుండేవాడు."

"తిప్పుకుండేవాడు కూడా కాదు," అంది సహన. "అమ్మకు బీపీ కదా. ప్రతి ఏకాదశికీ ఆయనే దగ్గర కూర్చుని మాత్ర మింగించేవాడు. ఔషధం వ్రతానికి అడ్డం రాదని అమ్మకు ఆయనే చెప్పేవాడు. నాకు తెలుసు అది. ఆ రోజు నేను ఆడనే ఉన్నా, నువ్వు చెయ్యి చాపుకుని ఉన్నావు. ఒక్క మాట గుర్తు చేసుంటే చాలు. నాన్న చెప్తే అంతే అని నోరు మూసుకుని ఉంటి."

శాస్త్రం దయగానే ఉంది. అడ్డం పడింది శాస్త్రం కాదు, ఆయన ఎదుట మాట్లాడకూడదన్న అలవాటు ఒకరికి, ఆయన్ని తాకకూడదన్న అలవాటు ఇంకొకరికి. వాటికి భక్తి అని పేరుపెట్టి గౌరవించడం మనకు చాలా సులువు. అనంతపద్మనాభ మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. మొదటిసారి భయం వేసి ఉండదు, రెండోసారి వేసింది. బహుశా అంతకన్నా పెద్ద కారణం లేదు. ఎవరైనా ఒకరు గట్టిగా అంటే ఒప్పుకునే మనిషే అని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. ఈ తెలియడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

"సరే," అని సహన వెళ్ళిపోయింది. నువ్వే చంపావనీ అనలేదు, నీ తప్పేం లేదనీ అనలేదు.

ఆ తర్వాత సుజాతమ్మ సూది పట్టలేదు. సిరంజిలన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చి వచ్చింది. సందులో వాళ్ళకు ఇది నచ్చలేదు. మోకాళ్ళ నొప్పి మునికృష్ణప్ప రోజూ వచ్చి గొడవపడతాడు.

"పింఛను కాళ్ళ కాడికే వస్తాంది, ఇంగ మాతో ఏం పని లే నీకు."

"ఆసుపత్రికి పో అప్పా. ఆడ డాక్టరుండాడు."

"ఆయన మాత్రలిస్తాడు."

"మాత్రలే మింగు."

"దానికి నువ్వెందుకు, ఆయనెందుకు?" అని విసుక్కుంటూ వెళ్ళి, హైవే పక్కన కొత్తగా వచ్చిన ఒకతని దగ్గర సూది వేయించుకుంటాడు. ఆ కొత్తతను ఎక్కడ నేర్చుకున్నాడో ఎవరూ అడగలేదు. సుజాతమ్మ మానేసినందువల్ల బాగేపల్లిలో పిర్రల మీద పడే సూదులు ఒక్కటి కూడా తగ్గలేదు. ఆమెకు ఈ సంగతి తెలుసు. ఆస్ప్రిన్ మాత్రం కొంగున కట్టుకుని తిరుగుతుంది. ఛాతీ పట్టుకుని ఎవరైనా కనిపిస్తే కులం, తిథి, వారం చూడకుండా నోట్లో పెట్టేస్తానంటుంది. ఇంతవరకు అలా ఎవరూ కనిపించలేదు.

సహనా ఆమే వీధిలో ఎదురుపడితే పలకరించుకుంటారు. అంతకు మించి మాటల్లేవు. వాళ్ళిద్దరి మధ్య మిగిలింది ఇంకోటి ఉంది. ఆ రోజు నర్సింగ్ హోములో, గడ్డ కరిగించే మందుకు డబ్బు ముందే కడితే గానీ తెప్పించమన్నారు. సహన దగ్గర అంత లేదు. సుజాతమ్మ తన ఏటీఎం కార్డు తీసి నలభై రెండు వేలు కట్టింది. తిరిగి ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పి చూసింది. "ఆ మందు నీ దుడ్డుతో అయిందని ఉండకూడదు" అంది సహన. జీతం పడిన మర్నాడు నెలకు మూడు వేల లెక్కన ఫోన్లో పంపుతోంది. పదకొండు నెలలయ్యాయి. ఇంకా తొమ్మిది వేలు రావాలి.